పనిచోట నాయకత్వం: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు

పనిచోట నాయకత్వం అంటే తోటివారిని ఒక పనికి కూడగట్టి, ఆ పని సరిగ్గా, ప్రమాదం లేకుండా పూర్తయ్యేలా చూసే నేర్పు. పదవితో దీనికి సంబంధం ఉన్నా, పదవి ఉన్న ప్రతివారికీ ఈ నేర్పు ఉంటుందని చెప్పలేం. ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇది ప్రధానంగా మూడు దారుల్లో పెంపొందింది. బొగ్గు గనుల్లో చట్టం నిర్దేశించిన అర్హత పత్రాల ద్వారా, కార్మిక సంఘాల్లోనూ సహకార సంఘాల్లోనూ ఓటు ద్వారా, గ్రామాల్లోని మహిళా సంఘాల్లో ఉమ్మడి డబ్బును, ఉమ్మడి పనిని నిర్వహించడం ద్వారా నాయకులు తయారయ్యారు. దారులు వేరైనా మూడింటికీ ఒక పోలిక ఉంది. పని తెలిసినవారికే బాధ్యత దక్కిన చోట, ఆ బాధ్యతకు పైఅధికారితో పాటు తోటి పనివారు కూడా లెక్క అడగగలిగిన చోట నాయకత్వం నిలిచింది. ఆ రెంటిలో ఏది లోపించినా బలహీనపడింది.

నేపథ్యం

2016 అక్టోబరు 11 నాటి పునర్వ్యవస్థీకరణలో పాత కరీంనగర్ నుంచి పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, పాత ఆదిలాబాద్ నుంచి మంచిర్యాల, నిర్మల్, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. గోదావరికి ఇరువైపులా ఉన్న బొగ్గు పొరలు ఈ ప్రాంత పారిశ్రామిక జీవితానికి ఆధారం. నదికి దక్షిణాన గోదావరిఖని, రామగుండం, ఉత్తరాన శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి గని పట్టణాలుగా పెరిగాయి.

ఈ గనులను నడిపే సింగరేణి సంస్థ మూలాలు 1886లో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీలో ఉన్నాయి. 1920 డిసెంబరు 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. ఏటా ఆ తేదీన సింగరేణి దినోత్సవం జరుపుకుంటారు. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీలో మెజారిటీ వాటాలు కొన్నది. ప్రస్తుతం 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది.

ఈ ప్రాంతంలో మరికొన్ని పెద్ద పరిశ్రమలున్నాయి. 1978లో శంకుస్థాపన జరిగిన రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, రామగుండం ఎరువుల కర్మాగారం, కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు వాటిలో ముఖ్యమైనవి. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో కొత్తగా కట్టిన కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పేపర్ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో జేకే పేపర్ సంస్థ చేతికి వెళ్లింది. ఇటువంటి దీర్ఘకాలపు మూసివేతల నష్టం యంత్రాలతో ఆగదు. పాతవారి పక్కన నిలబడి కొత్తవారు పని నేర్చుకునే వరుస కూడా తెగిపోతుంది.

గనుల్లో బాధ్యతల శ్రేణి

బొగ్గు గనిలో ఎవరు ఎవరికి ఆదేశమివ్వాలో కంపెనీ ఇష్టానికి వదిలేయలేదు. 1952 నాటి గనుల చట్టం, దాని కింద వచ్చిన బొగ్గు గనుల నిబంధనలు ఆ శ్రేణిని నిర్ణయించాయి. 1957 నాటి నిబంధనల స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్, వీటి అమలును చూస్తుంది. ఆ వ్యవస్థ 1902లో కలకత్తాలో మొదలై తర్వాత ధన్‌బాద్‌కు మారింది.

భూగర్భ గనిలో కార్మికుడికి అందరికన్నా దగ్గరగా ఉండే చట్టబద్ధ పర్యవేక్షకుడు మైనింగ్ సర్దార్. అతనిపైన ఓవర్‌మన్, ఆపైన అండర్ మేనేజర్ లేదా అసిస్టెంట్ మేనేజర్, గని మొత్తానికి మేనేజర్, ఆయన పైన ఏజెంట్ ఉంటారు. సర్దార్, ఓవర్‌మన్, మేనేజర్ స్థాయిలన్నిటికీ డీజీఎంఎస్ పరీక్ష గట్టెక్కి అర్హత పత్రం పొందాలి. సర్దార్ కావాలనుకునేవారికి గనిలో పనిచేసిన అనుభవంతో పాటు ప్రథమ చికిత్స, గ్యాస్ పరీక్ష ధ్రువపత్రాలు కూడా ఉండాలి.

షిఫ్టు పని మొదలయ్యే ముందే సర్దార్ తనకు అప్పగించిన భాగాన్ని తనిఖీ చేయాలి. గాలి ఆడుతోందా, మీథేన్ చేరిందా, పైకప్పు గట్టిగా ఉందా, దన్నులు సరిగ్గా నిలబెట్టారా అన్నవి చూడాలి. కర్రతో పైబండను తట్టి, వచ్చే మోతను బట్టి అది గట్టిదో వదులుదో చెప్పడం ఈ వృత్తిలో తొలి పాఠం. ప్రమాదం ఉందని తోస్తే కార్మికులను బయటికి పంపి, ఆ చోటికి ఎవరూ పోకుండా కంచె కట్టాలి. చూసినదంతా రిజిస్టరులో రాసి సంతకం చేయాలి.

ఈ ఏర్పాటులోని విశేషం పని ఆపే అధికారం. ఉత్పత్తి లక్ష్యం పైనుంచి వస్తుంది, ఆపాల్సిన అవసరం కింద తెలుస్తుంది. ఆ రెంటి మధ్య నలిగేది సర్దార్, ఓవర్‌మన్‌లే. అందుకే గనిలో నాయకత్వ నైపుణ్యానికి అసలు పరీక్ష బొగ్గు ఎక్కువ తీయించడంలో కన్నా, తీయవద్దని చెప్పాల్సిన వేళ చెప్పగలగడంలో ఉంటుంది.

శిక్షణ

1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం గనిలో కొత్తగా చేరేవారికి, కొత్త పనికి మారేవారికి, నిర్ణీత కాలం తర్వాత పాతవారికి కూడా శిక్షణ తప్పనిసరి. సింగరేణి ఏరియాల్లోని గనుల వృత్తి శిక్షణ కేంద్రాలు (ఎంవీటీసీలు) ఈ పని చేస్తాయి. ఇంజినీరింగ్ స్థాయిలో కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్, డిప్లొమా స్థాయిలో బెల్లంపల్లి పాలిటెక్నిక్ ఈ ప్రాంత గనులకు పర్యవేక్షకులను అందించాయి.

తరగతి గది తర్వాతి నేర్పు షిఫ్టులోనే అబ్బుతుంది. దిగిపోయే షిఫ్టు ఎక్కే షిఫ్టుకు పని అప్పగించేటప్పుడు ఏ చోట దన్ను పెట్టాల్సి ఉందో, ఏ యంత్రం మొరాయించిందో చెప్పకపోతే ఆ ఖరీదు తర్వాతివారు చెల్లిస్తారు. ఆదేశం ఇవ్వడం, అది అర్థమైందో లేదో అడిగి తెలుసుకోవడం, తెలుగు, హిందీ, ఉర్దూ మాట్లాడేవారంతా కలిసిన జట్టుతో నెగ్గుకురావడం ఈ దశలోనే వంటబడతాయి.

నాగాలు పెట్టేవారితో మాట్లాడటం మరో పాఠం. ఏడాదికి వంద మస్టర్లు (హాజరు రోజులు) కూడా నిండనివారిని కుటుంబ సభ్యులతో సహా పిలిచి కౌన్సెలింగ్ చేసే ఆనవాయితీ సింగరేణిలో ఉంది. గైర్హాజరు వెనుక తాగుడు ఉండవచ్చు, అప్పు ఉండవచ్చు, చెప్పుకోని జబ్బు ఉండవచ్చు. మెమో ఇచ్చే ముందు కారణం ఆరా తీయగలగడం పర్యవేక్షకుడికి ఉండాల్సిన లక్షణం.

ప్రమాదాలు, రక్షణ బృందాలు

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి ఒక్కసారిగా నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో అక్కడి 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలిన ఘటనలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో అధికారులు కూడా ఉన్నారు. గనిలో పర్యవేక్షకుడు తాను పంపిన చోటికి తానూ వెళ్తాడు గనుక ప్రమాదం అందరికీ ఒకటే.

నీరు నిలిచిన పాత పనులు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే పటం, ముందుగా వేసి చూసే బోర్ రంధ్రం, కింది స్థాయి ఉద్యోగి లేవనెత్తిన అనుమానం వంటివి పట్టించుకోని చోటే సాధారణంగా విపత్తు మొదలవుతుంది. 2017 నిబంధనలు ప్రతి గనికీ భద్రతా నిర్వహణ ప్రణాళికను తప్పనిసరి చేశాయి. అంతకు ముందు నుంచే గనుల నియమాలలో భద్రతా కమిటీ, పెద్ద గనుల్లో కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఏర్పాట్లు ఉన్నాయి. అధికారి తనిఖీని కార్మికుడు మళ్లీ తనిఖీ చేసే వీలు వీటి వల్ల కలిగింది.

నాయకత్వం తీరు మరింత స్పష్టంగా కనిపించేది రెస్క్యూ బృందాల్లో. 1985 నాటి గనుల రక్షణ నియమాల కింద శిక్షణ పొందిన కార్మికులు, ఉద్యోగులు శ్వాస పరికరాలు తగిలించుకుని పొగ, విషవాయువుల మధ్య పనిచేస్తారు. బృందానికి ఒక కెప్టెన్ ఉంటాడు. ఎవరి సిలిండరులో ఆక్సిజన్ తక్కువగా ఉందో చూసుకుని, దాన్ని బట్టి జట్టంతా వెనుదిరిగే సమయం నిర్ణయించడం అతని పని. అంటే జట్టు వేగాన్ని బలవంతుడి శక్తి నిర్ణయించదు, అందరికన్నా తక్కువ గాలి మిగిలినవాడి అవసరం నిర్ణయిస్తుంది. రామగుండం ప్రాంతంలోని రెస్క్యూ స్టేషన్‌లో ఈ శిక్షణ ఇస్తారు.

కార్మిక సంఘాల్లో నాయకత్వం

సింగరేణిలో సంఘ నిర్మాణం 1940లలో బలపడింది. మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్, దేవూరి శేషగిరిరావు వంటివారు ఏఐటీయూసీ అనుబంధ సింగరేణి కాలరీస్ వర్కర్స్ యూనియన్‌తో ముడిపడినవారు. తర్వాతి దశాబ్దాల్లో పార్టీల అనుబంధ సంఘాలు అనేకం వచ్చాయి. 1981లో జరిగిన 56 రోజుల సమ్మె గని కార్మికుల చరిత్రలో మలుపు. సింగరేణి కార్మిక సమాఖ్య, వాడుకలో సికాస, ఆ రోజుల్లోనే పుట్టింది. 1980లు, 1990ల మొదట్లో ఏ గనికి ఆ గని మెరుపు సమ్మెకు దిగడం మామూలైంది. కార్మికుల ఫిర్యాదు నిజమే అయినా, అందరి తరఫున మాట్లాడి ఒప్పందానికి కట్టుబడగల ప్రతినిధి ఎవరో తేలని స్థితి అది.

1998లో రహస్య ఓటు ద్వారా గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే పద్ధతి మొదలైంది. సంస్థ మొత్తంమీద ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘం గుర్తింపు సంఘం. ఒక్కో ఏరియాలో గెలిచినది అక్కడి ప్రాతినిధ్య సంఘం. 2012, 2017 ఎన్నికల్లో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచింది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఐఎన్‌టీయూసీ ఎక్కువ ఏరియాల్లో గెలిచినా, మొత్తం ఓట్లలో ముందున్న ఏఐటీయూసీకి గుర్తింపు హోదా దక్కింది.

ఈ విధానం సంఘ నాయకుల నుంచి వేరే రకం నేర్పు కోరింది. గని గేటు దగ్గర ఉపన్యాసం ఒకటే సరిపోదు. జీతాల ఒప్పందం చదవగలగాలి, మెడికల్ బోర్డు, కారుణ్య నియామకం, క్వార్టర్ల కేటాయింపు నియమాలు తెలియాలి, చర్చల్లో ఎక్కడ పట్టు బిగించాలో ఎక్కడ సడలించాలో ఎరగాలి. తర్వాతి ఎన్నికల్లో ఓటరు లెక్క అడుగుతాడు. ప్రత్యేక తెలంగాణ కోసం 2011లో జరిగిన సకల జనుల సమ్మెలో గనులు వారాల తరబడి నిలిచిపోయినప్పుడు ఈ ప్రాంత సంఘాల కూడగట్టే శక్తి రాష్ట్రమంతటికీ తెలిసింది.

సంక్షోభంలో సమాచారం

1990లలో నష్టాలు పేరుకుపోయి సింగరేణి, ఖాయిలా పరిశ్రమల పునరుద్ధరణను చూసే బీఐఎఫ్ఆర్ ముందుకు వెళ్లింది. అప్పట్లో సంస్థలో లక్షకు పైగా కార్మికులున్నారు. కోలుకోవడానికి ఆర్థిక సహాయం, కొత్త యంత్రాలు, ఓపెన్‌కాస్ట్ (ఉపరితల) గనుల విస్తరణ తోడ్పడ్డాయి. వాటితో పాటు కార్మికులకు లెక్కలు చెప్పడమనే పద్ధతి కూడా వచ్చింది. వేర్వేరు విభాగాల అధికారుల బృందాలు గనుల మీదికి వెళ్లి టన్ను బొగ్గుకు ఎంత ఖర్చవుతోంది, ఎంత ధర వస్తోంది, యంత్రాలు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటున్నాయి అన్నది వివరించే సమావేశాలు నేటికీ జరుగుతున్నాయి. లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం ఈ సంభాషణకు అర్థం కల్పించింది. 2023–24 లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టింది పోను మిగిలిన దానిలో ఆ వాటా 33 శాతం. నష్టం వచ్చినప్పుడే లెక్క చెప్పి, లాభం వచ్చినప్పుడు దాచే యాజమాన్యం మాట ఎవరూ వినరు.

క్వాలిటీ సర్కిళ్లు

జపాన్‌లో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిల్ పద్ధతి భారతదేశంలో తొలిసారి 1980లో హైదరాబాద్ రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్‌లో వచ్చింది. దేశవ్యాప్త క్వాలిటీ సర్కిల్ ఫోరం కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్‌లోనే ఉంది. ఎన్టీపీసీ వంటి సంస్థలు ఈ పద్ధతిని విరివిగా స్వీకరించాయి. ఒకే విభాగంలోని కొద్దిమంది కార్మికులు క్రమం తప్పకుండా కూర్చుని తమ పనిలోని ఒక సమస్యను ఎంచుకుంటారు. లెక్కలు సేకరించి, కారణం కనిపెట్టి, పరిష్కారాన్ని అధికారుల ముందు వివరిస్తారు. మైకు ముందు నోరు విప్పని టెక్నీషియన్‌కు తన పనిని తానే వివరించే అవకాశం ఇక్కడ దొరుకుతుంది. 2,600 మెగావాట్ల రామగుండం కేంద్రం వంటి చోట చిన్న లీకేజీని గుర్తించే కన్ను కంట్రోల్ రూమ్‌లో కన్నా యంత్రం పక్కనున్నవారికే ఎక్కువ.

సహకార రంగం: ముల్కనూరు

పూర్వపు కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో 14 గ్రామాల పరిధిలో ఇక్కడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. అప్పు ఇవ్వడం, విత్తనాలు, ఎరువులు అందించడం, పంట కొనడం, శుద్ధి చేసి అమ్మడం అన్నీ ఒకే సంఘం చేయడం దీని బలం. రైతుకు సంఘంతో ఏడాది పొడవునా పని ఉంటుంది గనుక, నిర్వహణ ఎలా ఉందో చూసే ఆసక్తీ ఏడాది పొడవునా ఉంటుంది. సభ్యులు ఎన్నుకున్న పాలకవర్గం విధానం నిర్ణయిస్తే, జీతానికి పనిచేసే సిబ్బంది దాన్ని అమలు చేస్తారు. ఈ రెండు పాత్రలు కలగాపులగమైన సహకార సంఘాలు అనేక చోట్ల దెబ్బతిన్నాయి.

1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం, ప్రభుత్వ జోక్యం లేకుండా సంఘాలు నడుపుకునే వీలు కల్పించిన చట్టమిది. హైదరాబాద్‌లోని సహకార అభివృద్ధి సంస్థ సీడీఎఫ్ దాని వెనుక గట్టిగా పనిచేసింది. అదే సంస్థ తోడ్పాటుతో ఈ ప్రాంతంలో మహిళల పొదుపు సంఘాలు పెరిగాయి. వాటి అనుభవంతో 2000 ఆగస్టులో ముల్కనూరు మహిళా సహకార డెయిరీ మొదలై, ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతోంది. ఊరి స్థాయిలో పాల సంఘం, పైన డెయిరీ పాలకవర్గం, రెండింటిలోనూ మహిళలదే నిర్ణయం. పాలలో వెన్న శాతం కొలిచే దగ్గర పక్షపాతం చూపితే ఊరంతటికీ తెలుస్తుంది. పొద్దునా సాయంత్రమూ జరిగే ఆ కొలతే అధ్యక్షురాలి పనితీరుకు పరీక్ష.

మహిళా సంఘాలు, ధాన్యం కొనుగోలు

ప్రపంచ బ్యాంకు సాయంతో 2000లో మొదలైన పేదరిక నిర్మూలన ప్రాజెక్టుకు ఎంచుకున్న తొలి ఆరు జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) పేర్లతో సాగిన ఈ కార్యక్రమంలో పది పదిహేను మంది మహిళల సంఘాలు గ్రామ సమాఖ్యగా, అవి మండల సమాఖ్యగా, ఆపైన జిల్లా సమాఖ్యగా కూడాయి. పొదుపు పుస్తకం రాయడం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం, వాయిదా కట్టలేని సభ్యురాలి విషయం తేల్చడం వంటివి ఈ అంచెల్లో నేర్చుకునే పనులు. అనుభవం గడించిన మహిళలు సీఆర్పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) వేరే ఊళ్లకు వెళ్లి సంఘాలు కట్టడం నేర్పారు. అధికారి చెప్పే పాఠానికీ, అప్పు తీర్చి నిలదొక్కుకున్న తోటి మహిళ చెప్పే మాటకూ ఉన్న తేడాను ఈ కార్యక్రమం బాగా వాడుకుంది.

ఈ సంఘాలు నడిపే ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రాలు నాయకత్వానికి గట్టి శిక్షణ స్థలాలు. కల్లంలో వడ్లు పోసిన రైతు ముందు తన కాంటా కావాలంటాడు. తేమ 17 శాతం మించితే తీసుకోకూడదు. హమాలీలకు కూలి, గన్నీ సంచులు, లారీ ఏదీ అనుకున్న వేళకు రాదు. మిల్లరు తరుగు తీస్తానంటాడు. ఆకాశంలో మబ్బు పడితే అందరి కోపమూ కేంద్రం నడిపే మహిళ మీదికే మళ్లుతుంది. సీరియల్ నంబరు తప్పకుండా, బంధువుకైనా వరుస మార్చకుండా, తేమ యంత్రం చూపిన అంకెను అందరికీ చూపించి పని నడిపించడం ఆమె గడించే నేర్పు. ఒక యాసంగి సీజన్ నెగ్గుకొచ్చిన మహిళకు చర్చలు, వివాద పరిష్కారం, సమయ నిర్వహణ పుస్తకంలో చదవాల్సిన అవసరం ఉండదు.

పరిశోధనలు చెప్పేది

నాయకత్వ అధ్యయనంలో ఒక ముఖ్య పరిశోధన బొగ్గు గనుల నుంచే వచ్చింది. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, మాజీ గని కార్మికుడు కెన్ బామ్‌ఫోర్త్ 1951లో బ్రిటన్ గనుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పాత పద్ధతిలో చిన్న జట్లు తమ పనిని తామే పంచుకుని ఒకరినొకరు కాచుకునేవి. పొడవైన బొగ్గు గోడను వరుసగా తవ్వే లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాక పని ముక్కలై, షిఫ్టుల మధ్య నిందలు పెరిగి, ఆశించిన ఉత్పత్తి రాలేదు. యంత్రాన్ని, మనుషుల అమరికను కలిపి ఆలోచించాలన్నది వారి నిర్ధారణ. లాంగ్‌వాల్ పద్ధతిని వాడిన రామగుండం ప్రాంత గనులకు ఇది నేరుగా వర్తించే పాఠం.

కర్ట్ లెవిన్, ఆయన సహచరులు 1939లో ప్రచురించిన ప్రయోగాల్లో నిరంకుశ, ప్రజాస్వామిక, పట్టింపులేని నాయకత్వాలను పోల్చారు. నిరంకుశ నాయకుడి కింద పని బాగానే సాగింది, కానీ ఆయన పక్కకు వెళ్లగానే తగ్గింది. షిఫ్టులో ఎక్కువ సేపు పర్యవేక్షకుడి కంటికి కనిపించని చోట మనుషులు పనిచేసే గనిలో ఈ తేడా చిన్నది కాదు. అమీ ఎడ్మండ్‌సన్ 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనంలో మంచి నాయకత్వమున్న జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివారు పొరపాటును దాచకుండా చెప్పడమే దానికి వివరణ. తృటిలో తప్పిన ప్రమాదాల రిజిస్టరు ఖాళీగా ఉన్న గని సురక్షితమైనదని అనుకోరాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ప్రస్తుత సమస్యలు

సింగరేణిలో పర్మినెంట్ ఉద్యోగుల సంఖ్య సుమారు 40 వేలకు తగ్గింది. ఉత్పత్తిలో అత్యధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గనులదే. అక్కడ మట్టి తీసే పనిలో కాంట్రాక్టు కార్మికుల పాత్ర పెద్దది. 2024లో తొలిసారి కాంట్రాక్టు కార్మికులకు లాభాల నుంచి ఒక్కొక్కరికి 5,000 రూపాయలు ప్రకటించారు. గుర్తింపు సంఘం ఎన్నికల్లో మాత్రం వారికి ఓటు లేదు. పక్కపక్కనే పనిచేసే ఇద్దరిలో ఒకరికి లెక్క అడిగే వీలు ఉండి, మరొకరికి లేకపోతే జట్టు ఒకటిగా నిలవదు.

కారుణ్య నియామకాల ద్వారా తండ్రుల స్థానంలో చేరుతున్న యువతలో డిగ్రీలు, బీటెక్‌లు చదివినవారు ఉన్నారు. జనరల్ మజ్దూర్‌గా మొదలయ్యే వీరికి అంతర్గత పరీక్షల ద్వారా ఎదిగే దారి ఎంత వెడల్పుగా ఉంటే సంస్థకు అంత మేలు. గనుల చట్టం మహిళలను భూగర్భంలోకి అనుమతించేది కాదు. 2019లో కేంద్రం నిబంధన సడలించి, సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పనుల్లో పగటివేళ భూగర్భంలో పనిచేసేందుకు వీలు కల్పించింది. అర్హత పత్రాల దారి ఇప్పుడు మహిళలకూ తెరుచుకున్నా, వారికి తగిన సౌకర్యాలు, అనుభవం గడించే అవకాశాలు కల్పించాల్సి ఉంది.

మహిళా సంఘాల్లో అవే ముఖాలు ఏళ్ల తరబడి పదవుల్లో ఉండటం, పుస్తకాలు రాసే బాధ్యత సభ్యుల చేతి నుంచి వీవోఏల (గ్రామ సమాఖ్య సహాయకుల) చేతికి జారిపోవడం బలహీనతలుగా కనిపిస్తాయి. కార్మిక సంఘాల్లో పార్టీ అనుబంధం, గనుల్లో ఉత్పత్తి ఒత్తిడి కూడా అటువంటివే. వీటిని ఒకటి రెండు రోజుల నాయకత్వ శిక్షణ తరగతులతో సరిచేయడం కష్టం. పని ఆపే అధికారాన్ని వాడుకున్న సర్దార్‌కు అండగా నిలవడం, ఎన్నికలు గడువు ప్రకారం జరపడం, లెక్కల పుస్తకాన్ని సభ్యులే రాయగలిగేలా చూడటం ఈ ప్రాంత అనుభవం సూచించే మార్గాలు. వీటికయ్యే డబ్బు ఖర్చు తక్కువే. అధికారంలో ఉన్నవారు ప్రశ్నలకు ఒప్పుకోవాల్సి రావడమే వీటిలోని కష్టం.